సున్నపుబట్టీ బజారులో ఫైరింజను

ఆ రోజు పొద్దున్నే షాహీన్ పెట్టుకున్న పని ఒక్కటే. తాను పుట్టి పెరిగిన సున్నపుబట్టీ బజారులో దోమలకు పొగ పెట్టించాలి. వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీగా సొంత వార్డుకే వేశారని మొదట్లో ఆమె పొంగిపోయింది. సొంత బజారులో ఉద్యోగమంటే అన్నం తింటూ కూడా ఫిర్యాదులు వినాలని తరువాత తెలిసింది.

మంచినీళ్ళ పైపు కారుతోంది. కాలువ మీద నాపరాళ్ళు విరిగి ఊగుతున్నాయి. కరెంటు స్తంభం ఒరిగి తీగలు డాబాల అంచుకు తగిలేలా వేలాడుతున్నాయి. స్తంభం జరిపితేగానీ పైపు మార్చలేమని నీళ్ళవాళ్ళు, పైపు మారిస్తేగానీ కాలువ కట్టలేమని ఇంజనీరింగువాళ్ళు, కాలువ కడితేగానీ స్తంభం జరపలేమని కరెంటువాళ్ళు. మూడు ఆఫీసుల చుట్టూ తిరిగి షాహీన్ చెప్పులు అరిగిపోయాయి.

"ఏం ఆఫీసరువే నువ్వు? మన గడప ముందు బురదే ఎత్తించలేకపోతివి," అంది తల్లి అబిదా, టిఫిన్ డబ్బా చేతికిస్తూ.

"ఇయ్యాల దోమలన్నా పోతాయిలే అమ్మీ."

మున్సిపాలిటీ పనివాడు మౌలాలీ పొగ మిషను భుజానికి తగిలించుకుని బజారులోకి దిగాడు. సెక్రటరమ్మ సొంత బజారు కదా అని మందు కాస్త ఎక్కువే కలిపాడు. గాలి లేదు. పొగ కదలకుండా ట్రాన్స్‌ఫార్మరు చుట్టూ ముసురుకుంది.

ఎదురింటి శేషారత్నం డాబా మీద మిరపకాయలు ఆరబోస్తూ అటు చూసి గుండె బాదుకుంది. తీగల గురించి రోజూ ఫోన్ చేసీ చేసీ కరెంటు ఏఈ ఆనంద్ నంబరు ఆమెకు నోటికి వచ్చు.

"బాబూ, ట్రాన్స్‌ఫార్మరు తగలబడతంది! బజారంతా పొగే! ఇయ్యాలన్నా రా నాయనా!"

ఆనంద్ వెంటనే కరెంటు ఆపించి, ఫైరు స్టేషనుకు చెప్పి, క్రేను లారీతో పరిగెత్తుకొచ్చాడు. లారీ లోపలికి దూరింది. దాని వెనకే గంట కొట్టుకుంటూ ఫైరింజను దిగింది.

"నిప్పు యాడ?" అన్నాడు ఫైరాఫీసరు.

"నిప్పు లేదు సార్, దోమల మందు," అన్నాడు మౌలాలీ, మిషను వెనక్కి దాచుకుంటూ.

ఆఫీసరు పళ్ళు కొరుకుతూ బండి వెనక్కి తీయమన్నాడు. వెనక చక్రం నాపరాయి మీదికెక్కింది. రాయి ఫెళ్ళున విరిగి, చక్రం కాలువలో కూరుకుపోయి, కింద పైపు పగిలి నీళ్ళు డాబా ఎత్తుకు ఎగిశాయి. అది అవతలికి దారి లేని సందు. సందు మొగలోనే ఫైరింజను ఇరుక్కుపోవడంతో క్రేను లోపలే బందీ అయింది.

నీళ్ళ ఇంజనీరు వచ్చాడు. మున్సిపల్ ఇంజనీరు వచ్చాడు. అందరూ కలిసి అక్కడే ఉన్న షాహీన్ మీద పడ్డారు. అంతలో కమిషనర్ విజయలక్ష్మి ఫోన్ చేసింది.

"ఊళ్ళో ఇంకెక్కడన్నా నిప్పంటుకుంటే ఎవరు జవాబు చెప్తారు? ఇక్కడ సమీక్ష కాగానే వస్తా. నీ సంగతి అక్కడే తేలుస్తా!"

షాహీన్ ఉద్యోగం ఇంకా పర్మినెంటు కూడా కాలేదు. ఇంజనీర్లు మాత్రం మళ్ళీ పాత పాటే అందుకున్నారు.

"పద్ధతి ప్రకారం ముందు కాలువ కట్టాలమ్మా. ఆ తరవాతే స్తంభం," అన్నాడు ఆనంద్.

ఆమెకు భయం పోయి ఒళ్ళు మండింది. చున్నీ నడుముకు బిగించి మోకాలి లోతు నీళ్ళలోకి దిగింది.

"కాలువలో ఫైరింజను కూర్చోనుంది సార్! దాన్ని లేపకుండా కాలువ ఎట్ట కడతారు? తీగలు అడ్డముంటే క్రేను చెయ్యి ఎట్ట లేస్తది? కరెంటు ఎటూ ఆపే ఉంది. ముందు మీరు స్తంభం జరపండి. ఆ తరవాత బండి లేస్తది, ఆనక పైపు, ఆనక కాలువ. అందరూ ఈడనే ఉన్నారుగా, ఇంకెవరి కోసం చూస్తన్నారు?"

ఆనంద్ క్రేను డ్రైవరుకు సైగ చేశాడు.

కరెంటువాళ్ళు తీగలు విప్పి స్తంభాన్ని అవతలి పక్కకు జరిపారు. మళ్ళీ కట్టాక తీగలు పైకి బిగిశాయి. క్రేను ఫైరింజనును పసిపిల్లలా ఎత్తి రోడ్డు మీద పెట్టింది. నిప్పు లేకపోయినా ఊరికే వెళ్ళడమెందుకని ఫైరువాళ్ళు కాలువలో నీళ్ళు తోడారు. కొత్త పైపు దిగింది. ట్రాక్టరులో మందపాటి నాపరాళ్ళొస్తే బజారు కుర్రాళ్ళు తలా ఓ చెయ్యి వేసి దించారు. అబిదా దేగిశాతో పులావు తెచ్చింది, శేషారత్నం బిందెడు మజ్జిగ తెచ్చింది.

సాయంత్రానికి కమిషనర్ కారు వచ్చింది. సమీక్షకు వచ్చిన జిల్లా అధికారి కూడా అందులోంచి దిగాడు. నాలుగు శాఖల మనుషులు ఒకే కాలువ మీద వంగి రాళ్ళు సర్దుతుంటే కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూశాడు.

"ఇంత సర్వీసులో ఇలాంటిది చూడలేదు! ఎవరి ప్లానిది?"

షాహీన్‌ను కడిగేయడానికి వచ్చిన కమిషనర్ మాట మార్చింది. "మా సెక్రటరీ షాహీన్ సార్. నేనే చెయ్యమన్నాను."

"ఫోన్ చేసింది మాత్రం నేనయ్యా!" అని శేషారత్నం డాబా మీంచి అరిచింది.

అబిదా జనాన్ని తోసుకుంటూ వచ్చి కూతురి ముఖం మీద బురదను కొంగుతో తుడిచింది. "మా పిల్లే సార్," అంది, అడగకపోయినా. షాహీన్ బజారు ఆ చివరి నుంచి ఈ చివరిదాకా కాలువ రాళ్ళ మీదే నడిచింది. ఒక్క రాయీ ఊగలేదు. అప్పుడే కరెంటు వచ్చి దీపాలన్నీ వెలిగితే బజారంతా చప్పట్లు కొట్టింది.

మర్నాడు కమిషనర్ ఉత్తర్వు వేసింది: ఇకమీదట నాలుగు శాఖలూ నెలనెలా ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలి. అది ఎవరి ఆఫీసులో కూర్చోవాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.