చందూలాల్ చేలో పందికి అధికారిక గుర్తింపు

"ఈ రాష్ట్రంలో ఇకమీదట ఏ ప్రాణీ తానెవరో తెలియక అయోమయంలో బతకాల్సిన పని లేదు!" అని జీవకోటి సంక్షేమ శాఖ మంత్రిగారు ప్రకటించారు. ఏసీ హాల్లో కూర్చుని కాదు, మొక్కజొన్న చేను గట్టు మీద నిలబడి ప్రకటించారు. ఎండ మండిపోతున్నా లెక్క చేయలేదు. గొడుగు పట్టుకున్నతను లెక్క చేశాడు. నాచు మొదలు టేకు చెట్టు దాకా, చీమ మొదలు ఏనుగు దాకా ప్రతి జీవినీ శాస్త్రీయంగా వర్గీకరించి, ఏది ఏ శాఖ కిందికి వస్తుందో తేల్చేస్తారట. పైలట్ ప్రాజెక్టుగా ఈ చేలో ఉన్న పందితో మొదలుపెడతారట. వర్గీకరణ అన్న మాట వినగానే అన్ని పార్టీల వాళ్ళూ, ఎందుకైనా మంచిదని, స్వాగతించారు.

నేను ఈ మండలానికి ఒక పత్రిక విలేఖరిని. మంత్రుల ప్రకటనలు చాలా రాశాను. వాటిలో ఎక్కువ భాగం నా పేపరు దాటి బయటికి పోలేదు. ఇది మాత్రం పోయింది. అందుకే ఆ మహానుభావుడి కృషిని మొదటినుంచీ చెప్పాలనిపిస్తోంది.

ఏన్కూరు దాటి అడవి మొదలయ్యే చోట రేగులతండా ఉంది. అక్కడ చందూలాల్, అతని భార్య సక్రి తాతల నాటి పట్టా ఉన్న మెట్ట చెల్కలో మొక్కజొన్న వేశారు. కంకి పాలు పోసుకుంది. పాలకంకి వాసన మనకు తెలియదుగానీ పందులకు పక్క మండలం దాకా తెలుస్తుంది. మంద దిగింది. వాటిని చంపడానికి అనుమతి లేదు. తరిమితే పక్క చేలోకి పోతాయి, పక్కవాడు తరిమితే మళ్ళీ ఇటే వస్తాయి. మా దగ్గర అందరూ చేసినట్టే సక్రి తన పాత చీరలన్నీ తెచ్చి చేను చుట్టూ కట్టింది. రంగురంగుల చీర గాలికి ఊగితే పంది మనిషనుకుని బెదురుతుంది. కొన్నాళ్ళు బెదిరాయి. తర్వాత ఒక ముసలి పంది ధైర్యం చేసి చీర కిందినుంచి దూరింది. దాని వెనక మిగతావీ దూరాయి. చీరలు పీలికలయ్యాయి.

ఇంట్లో ఇక చీరల్లేవు. సరిగ్గా అప్పుడే మంత్రిగారి పుట్టినరోజు అయిపోయింది. రోడ్డు పొడుగునా కట్టిన ఫ్లెక్సీలను చందూలాల్ విప్పుకొచ్చి చేను చుట్టూ గుంజలకు బిగించాడు. నాలుగు దిక్కులా మంత్రిగారు చేతులు జోడించి నవ్వుతున్నారు. పందులు ఒక్క రాత్రి ఆగాయి. మర్నాడు ఆయన్నీ పట్టించుకోలేదు.

పట్టించుకున్నది మంత్రిగారే. భద్రాచలం దర్శనానికి పోతూ దారిలో కారు ఆపించారు. తన ముఖంతో చుట్టూ కోట కట్టుకున్న చేనును చూశారు. ఆయన కళ్ళు తడిశాయి. వార్త కోసం వెంట ఉన్న నేను నా కళ్ళతో చూశాను.

"ఎలక్షన్లు గూడా లేవు కదయ్యా! అయినా గింత అభిమానమా?" అంటూ చందూలాల్‌ను కౌగిలించుకున్నారు. "చెప్పు తమ్మీ, ఏం గావాలె నీకు?"

"పందులు సార్" అన్నాడు చందూలాల్.

"పందులా? ఇస్తం. మంచి స్కీం ఉన్నది."

"వద్దు సార్, ఉన్నయే జర తీస్కపోండ్రి. ఇంకో వారం గిట్లనే ఉంటే చేన్ల ఒక్క కంకి గూడ మిగలదు."

మంత్రిగారు దర్శనం వాయిదా వేసుకుని అక్కడికక్కడే అధికారులను పిలిపించారు. అంత వేగం నేను ఎన్నడూ చూడలేదు. అటవీ రేంజి ఆఫీసరు నాగరాజుగారు వచ్చారు. పంచాయతీ కార్యదర్శి సుజాతగారు వచ్చారు. చేలోకి తొంగిచూశారు. పంది కనిపించింది.

"అడవి పంది అయితే అడవిల ఉంటది సార్. ఇది చేన్ల ఉన్నది. అంటే ఊర పందే. మాకు సంబంధం లేదు" అన్నారు నాగరాజుగారు.

"ఊర పంది అయితే ఊర్ల మురికినీళ్ళ మోరీ కాడ ఉంటది సార్. మా రూల్స్‌ల మోరీ ఉన్నది, చేను లేదు. ఇది అడవి పందే" అన్నారు సుజాతగారు.

ఇద్దరి వాదనలోనూ పస ఉంది. పంది కూడా కంకి నమలడం ఆపకుండానే శ్రద్ధగా విన్నది. మంత్రిగారు మాత్రం తొందరపడి తీర్పు చెప్పే మనిషి కాదు. "సైన్సును పిలవండి" అని ఆదేశించారు.

జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పే జ్యోత్స్న మేడమ్‌ను పాఠం మధ్యలోంచి జీపులో తీసుకొచ్చారు. ఆమె చేతిలో ఇంకా చాక్‌పీసు ఉంది.

"శాస్త్రం ప్రకారం ఊర పందీ, అడవి పందీ ఒకే జాతి సార్. ఊర పందిని కూడా ఒకప్పుడు అడవి పంది నుంచే మచ్చిక చేసుకున్నారు. ఇప్పటికీ రెండూ కలిస్తే పిల్లలు పుడతాయి, ఆ పిల్లలకూ పిల్లలు పుడతాయి" అన్నారామె.

"ఒకే జాతి!" మంత్రిగారి ముఖం వెలిగిపోయింది. నా వైపు తిరిగారు. "రాసుకో విలేఖరీ! జాతీయ సమైక్యత ఎక్కడున్నదంటే మన పందుల్ల ఉన్నది."

రాసుకున్నాను. తర్వాత ఆయన కోరిక మీద మేడమ్ వర్గీకరణ మొత్తం వివరించారు. జంతువులన్నీ కలిపి ఒక రాజ్యం. వెన్నెముక ఉన్నవి ఒక వర్గంలోకి వస్తాయి. అందులో పాలిచ్చేవి ఒక విభాగం. వాటిలో జంట గిట్టలవి ఒక క్రమం. ఆ కింద కుటుంబం, ఆ కింద ప్రజాతి, అట్టడుగున జాతి. మంత్రిగారు తల పంకిస్తూ విని, ఒక్కచోట ఆగారు.

"రాజ్యం పైన ఉన్నది, బాగున్నది. మరి కుటుంబం అంత కిందికి ఎందుకు పోయింది?"

"శాస్త్రజ్ఞులు అట్లాగే పెట్టారు సార్."

"తీసి రాజ్యం పక్కన పెట్టుండ్రి. దూరం దూరం ఉంటే పనులెట్ల అయితయ్ మేడమ్?"

మంత్రిగారి పెద్దకొడుకు కార్పొరేషన్ చైర్మన్. కోడలు మార్కెట్ కమిటీలో ఉంది. బామ్మర్ది ఇసుక చూసుకుంటాడు. ఈ విషయంలో ఆయనకున్న అనుభవం శాస్త్రజ్ఞులకు లేదని మనం ఒప్పుకోవాలి. మేడమ్ చాక్‌పీసు కొంగులో ముడేసుకుని జీపెక్కారు.

గట్టు మీద ఆ చారిత్రక ప్రకటన వెలువడింది అప్పుడే. మర్నాడే పందిని పట్టడానికి పాల్వంచ రోడ్డు మీదుగా ఇనప బోను వచ్చింది. బోనుకు ఎర కావాలి. దగ్గర్లో మొక్కజొన్న ఎవరికి ఉందని విచారిస్తే చందూలాల్‌కు ఉందని తేలింది. కంకులు కోశారు. మోయడానికి ట్రాక్టరు వచ్చింది. ట్రాక్టరు తిరగడానికి చోటు లేకపోతే చేలోనే తిప్పారు. పంది దొరికింది. ఇంత చేసినందుకు దొరక్కపోతే బాగుండదని దానికీ అనిపించి ఉంటుంది.

దాన్ని ప్రభుత్వ గెస్ట్‌హౌస్ వెనక షెడ్డులో పెట్టారు. ఫ్యాను బిగించారు. అధికారులతో కమిటీ వేసి పరీక్షలు మొదలుపెట్టారు. ముందు ఒకవైపు అడవి దుంపలు, ఒకవైపు హోటల్లో మిగిలిన పులిహోర పెట్టి ఏది తింటుందో చూశారు. రెండూ తింది. ఫలితం తేలలేదని మళ్ళీ పెట్టారు. మళ్ళీ తింది. అడవి బొమ్మ ఒకటి, బజారు బొమ్మ ఒకటి గోడకు అంటించి దేనివైపు చూస్తుందో గమనించారు. అది అధికారుల టిఫిన్ డబ్బా వైపు చూసింది. కమిటీ గడువు పెంచారు.

చందూలాల్ పొద్దున్నే గెస్ట్‌హౌస్‌కు వచ్చి గేటు దగ్గర కూర్చునేవాడు.

"సార్, గీ పంది ఏదైతే నాకేంది? కడమ పందులన్నీ నా చేన్లనే ఉన్నయ్."

"అవి గూడ ఇదే రకమా కాదా అన్నది కమిటీ చూస్తది. నీకెందుకు తొందర?" అనేవారు నాగరాజుగారు.

"నాకు కాదు సార్ తొందర. పందులకు."

సక్రి మాత్రం చేలో మంచె దిగలేదు. పగలంతా పళ్ళెం మోగిస్తూ, చీకటి పడితే అరుస్తూ కాపలా కాసింది. ఒకరోజు అటు వెళితే నీళ్ళిచ్చి ఏదో అన్నది. గొంతు పూర్తిగా పోయి గాలి మాత్రమే వచ్చింది. మిగిలిన నాలుగు సాళ్ళను చేత్తో చూపించింది. నేను వార్తలో ఆ సంగతి రాశాను. డెస్కు వాళ్ళు పంది ఫొటో పెద్దది వేయడానికి దాన్ని తీసేశారు. నాకు బాధేసింది. ఫొటో మాత్రం బాగా వచ్చింది.

చివరికి నాగరాజుగారికే చందూలాల్ మీద జాలి కలిగింది. పక్కకు పిలిచి దారి చెప్పారు.

"అడవి పంది అని గట్టి సాక్ష్యం ఉంటే నేనే ఫైలు ముందటికి నూకుత. ఆ పందులు ఎక్కడుంటయో నువ్వు చెప్పు చాలు."

"నా చేన్లనే ఉంటయ్ సార్!"

"అప్పుడప్పుడు వస్తయా?"

"అప్పుడప్పుడేంది సార్? రాత్రి పగలు గాడ్నే. తినుడు గాడ్నే, పండుడు గాడ్నే. మొన్న ఒకటి ఈనింది గూడ గాడ్నే."

"మనుషులకు బెదురతయా?"

"ఏడ బెదురతయ్ సార్? మేమే బెదురుతున్నం."

"అవ్ అన్నా, గట్లనే చెప్పు, ఏం దాచకు" అని సుజాతగారు పక్కనుంచి ప్రోత్సహించారు. పంది తన మెడకు చుట్టుకోకుండా పోతున్నందుకు ఆమెకూ సంతోషంగానే ఉంది. చందూలాల్ చెప్పిందంతా టైపు చేయించి చదివి వినిపించారు. అతను సంతకం పెట్టాడు. ఇంటికి పోతూ ఆ రోజు మొదటిసారి నాతో నవ్వుతూ మాట్లాడాడు.

ఫలితం ప్రకటించడానికి చేను పక్కనే షామియానా వేశారు. మంత్రిగారు వచ్చారు. పందిని వ్యానులో తెచ్చారు. షెడ్డులో ఉండి బాగా ఒళ్ళు చేసింది. దాని మెడలో బంతిపూల దండ వేశారు. అది దండ తినేసింది. వేరే దండ వేశారు.

"శాస్త్ర సాంకేతిక రంగాలను ఆసరా చేసుకుని, రైతు సోదరుని సాక్ష్యాన్ని ఆధారం చేసుకుని," మంత్రిగారు మైకులో ఒక్క క్షణం ఆగారు, "ఇది అడవి పంది అని ఈ ప్రభుత్వం నిర్ధారించింది!"

చప్పట్లు మారుమోగాయి. అందరికంటే గట్టిగా చందూలాల్ కొట్టాడు. వంగి మంత్రిగారి కాళ్ళు మొక్కబోయాడు. ఆయన భుజాలు పట్టుకుని లేపారు. లేచేసరికి నాగరాజుగారు ఉత్తర్వు చదవడం మొదలుపెట్టారు.

"ఒక జంతువు ఎక్కడ పుడుతదో, ఎక్కడ తింటదో, ఎక్కడ పడుకుంటదో దాన్ని ఆ జంతువు ఆవాసం అంటరు. అడవి జంతువు ఆవాసం అడవి. రైతు వాంగ్మూలం ప్రకారం ఈ పందుల ఆవాసం ఈ సర్వే నంబరు. కాబట్టి పందులు అడవిలనే ఉన్నట్టు తేలింది. వాటిని తరలించే అవసరం లేదు. అడవిల ఉన్న మనుషులు మాత్రం ఖాళీ చెయ్యాలె."

చందూలాల్ కొంచెంసేపు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. పక్కనున్నతను మళ్ళీ చెబితే అతనికి అర్థమైంది.

"పట్టా ఉన్నది సార్ నా కాడ. మా తాత నాటిది!"

"పట్టా ఉంటే ఉన్నదిలే. పందికి ఆ సంగతి తెల్వదు కద" అన్నారు నాగరాజుగారు, మెత్తగానే.

"అయితే అడవి పంది కాదు సార్ అది. ఊర పందే. నాదే. నేనే పెంచిన!"

సుజాతగారు చటుక్కున కుర్చీలోంచి లేచారు. "నువ్వు పెంచినవా? మరి చుట్టుపక్కల చేన్లన్నీ మేసింది గూడ నీ పందేనా?"

ఆమె వెనక చుట్టుపక్కల చేల రైతులు కూర్చున్నారు. ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. చందూలాల్ కూర్చున్నాడు.

అప్పుడు సక్రి మంచె దిగి వచ్చింది. ఆమెకు మైకు ఇచ్చారు. గొంతు లేదని తెలిసి ఇచ్చారో తెలియక ఇచ్చారో గానీ మంత్రిగారు ఆడవాళ్ళకు మైకు ఇస్తారని నేను రాసుకున్నాను.

"సారూ, అడవి పందికి సర్కారు ఏమేమి ఇస్తది?" అని అడిగింది. బొంగురుగా, గీసుకుపోతూ వచ్చిందా మాట. నాకు అప్పటిదాకా వచ్చిన నవ్వు ఆగిపోయింది.

మంచి ప్రశ్న అని మంత్రిగారు మెచ్చుకుని నాగరాజుగారికి సైగ చేశారు.

"దాన్ని ఉన్న జాగల నుంచి ఎవ్వరు వెళ్ళగొట్టొద్దమ్మా. కొడితే కేసు. ఎండాకాలం నీళ్ళతొట్టి కట్టిస్తం. రోగమొస్తే డాక్టరు వస్తడు."

"తినొచ్చా? గీ మక్కలు?"

"ఆవాసంల ఉన్నది ఏదైనా తినొచ్చు. ఎవ్వరూ ఆపొద్దు."

సక్రి చేను వైపు చూసింది. భర్త వైపు చూసింది. "అయితే సారూ, మేమిద్దరం గూడ గాడ్నే పుట్టినం, గాడ్నే పంటున్నం. మమ్మల్ని గూడ గా పందుల్లనే రాసుకోండ్రి" అన్నది.

మంత్రిగారు గడ్డం నిమురుకున్నారు. ప్రజలు ప్రభుత్వ పథకాన్ని ఇంత తొందరగా అందిపుచ్చుకోవడం ఆయన ఎక్కడా చూసి ఉండరు. నాగరాజుగారి వైపు వంగి, "కుదురుతదా?" అన్నారు.

నాగరాజుగారు నిజాయితీ గల అధికారి. ఉత్తర్వును ముందునుంచి వెనక్కీ, వెనకనుంచి ముందుకీ తిప్పారు.

"పంట నష్టం చేసినట్టు రుజువు కావాలమ్మా. అది లేకుండ అడవి జంతువు కింద రాయలేము."

సక్రి మైకు పక్కన పెట్టింది. నేరుగా చేలోకి నడిచి, మిగిలిన సాళ్ళలోంచి ఒక పాలకంకి విరిచి, పొట్టు ఒలిచి, అందరూ చూస్తుండగా పచ్చిదే కొరికింది. నాగరాజుగారు గబగబా ఫోను తీసి ఫొటో కొట్టారు.

ఆ ఫొటో రుజువు కోసమా, కేసు కోసమా అని నేను అడిగాను. ఆఫీసుకు వెళ్ళాక తేలుతుందన్నారు.