జాజులపాలెంలో అందరూ కులాసా

రెండువేల రెండో సంవత్సరం వేసవిలో మండపేటకు కూతవేటు దూరంలో ఉన్న జాజులపాలెంలో రోగాలన్నీ సంపూర్ణంగా నిర్మూలించబడినవని ఇందుమూలముగా తెలియజేయడమైనది. ఈ ఘనకార్యం చేసింది డాక్టర్లు కారు, మందులు అంతకన్నా కావు. రాజమండ్రిలో ఎంసీఏ చదువుతున్న సుప్రియ, ఆమెకు తోడుగా ఒక మోడెం.

పల్లెకో కంప్యూటరు పంచిపెడితే మిగతావన్నీ వాటంతటవే బాగుపడతాయని దేశం గట్టిగా నమ్ముతున్న రోజులవి. ఆ నమ్మకం మీదే 'ఆరోగ్య సమాచార సాంకేతికత, ఆన్‌లైన్ సంభాషణ' అనే పరిశోధనకు ఇంటర్న్‌షిప్ పేరుతో విద్యార్థులను ఊళ్లమీదికి తోలారు. ప్రోగ్రాం తయారుచేసింది సుప్రియ గైడు, ప్రొఫెసర్ ఉదయభాస్కర్ గారు. ఆయన రోగుల ముఖం ఎన్నడూ చూసి ఎరగరు కనుక ప్రోగ్రాం ఎంతో శుభ్రంగా కుదిరింది. మొదటి ప్రశ్న: "ఎలా ఉన్నారు?" బాగాలేదంటే రెండో ప్రశ్న వస్తుంది, ఆపైన పట్నంలో డాక్టరుకు కబురు వెళుతుంది. బాగున్నామంటే "సంతోషం, సెలవు" అని తెర మూసుకుంటుంది.

అంతకుముందు ఆ ఊరికి ప్రతి మంగళవారం ఒక డాక్టరు వచ్చేవారు. ఎలా ఉన్నారని అడిగే అలవాటే లేని మోటుమనిషి. నాలుక చాపమనేవారు, పొట్ట నొక్కేవారు, ఇన్నాళ్లూ ఏం చేశావని కసిరేవారు. జనానికి ఆయనంటే ప్రాణం.

పంచాయతీ ఆఫీసులో కంప్యూటరు దిగింది. ప్రెసిడెంటు అప్పాజీ గారు దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, మౌసుకు కూడా ఓ చిన్న దండ వేయించారు. రోగులు చెప్పులు బయట విడిచి, తలలు నున్నగా దువ్వుకుని, ఇస్త్రీ బట్టల్లో వచ్చారు. ప్రశ్న చదివి వినిపించడం, జవాబు ఉన్నదున్నట్టు కొట్టడం సుప్రియ పని. సొంత మాట ఒక్కటి కూడా కలపరాదని ప్రొఫెసరు గారి ఆజ్ఞ.

మొదటి రోగి సూరమ్మ. మోకాళ్లు పట్టేసి, కోడలి భుజం ఆసరాగా మూలుగుతూ మెట్లెక్కింది.

"ఎలా ఉన్నారు మామ్మగారూ?" అని చదివింది సుప్రియ.

సూరమ్మ కొంగు సర్దుకుని తెరకు దణ్ణం పెట్టింది. "ఆయ్, బాగున్నామండి. తమరంతా కులాసానా అండి?"

"మోకాళ్ల సంగతి చెప్పండి మామ్మగారూ."

"అదేంటమ్మా? ఆ మహానుభావుడెవరో అంత దూరాన్నుంచి క్షేమం కనుక్కుంటుంటే, నోరు తెరవగానే మోకాళ్లంటే ఏం మర్యాద? ముందు కాఫీ అదీ అవ్వాలి. మాటల్లో మాటగా చెప్పుకోవాలి గానీ."

కంప్యూటరు కాఫీ తాగదు. సంతోషించి సెలవు తీసుకుంది.

ఆ తర్వాత వచ్చినవారు సూరమ్మకు తీసిపోలేదు. విరిగిన చేతిని తుండుగుడ్డలో వేలాడేసుకున్నాయన "మీ దయవల్ల" అన్నాడు. చలిజ్వరంతో దుప్పటి కప్పుకున్న అమ్మిరాజు పళ్లు టకటకలాడుతుండగా "మాకేంటండి, దివ్యంగా ఉన్నాం" అన్నాడు. పచ్చకామెర్లాయన పచ్చగా నవ్వి, ప్రొఫెసరు గారి పిల్లలు ఏం చదువుతున్నారని ఎదురు అడిగాడు. ఊరు ఊరంతా కులాసా అని రిపోర్టు తయారైంది. పట్నంలో పై అధికారులు సంతోషించి, ఇంత ఆరోగ్యవంతులకు డాక్టరు దండగ కనుక మంగళవారాలు రద్దు చేసి ఆయన్ని పక్కనున్న కొత్తగరువుకు పరిమితం చేశారు.

సుప్రియకు సంగతి తెలిసింది. తన వేళ్లతో కొట్టిన జవాబులే ఆ డాక్టర్ని ఊరు దాటించాయి. వెంటనే ప్రొఫెసరు గారి దగ్గరకు పరిగెత్తింది.

"వాళ్లు మర్యాదకి అలా అన్నారు సార్."

"మర్యాదకి మన ప్రోగ్రాంలో కాలమ్ లేదమ్మా" అన్నారాయన ఎంతో దయగా.

పోనీ ఊరివాళ్లనే నిజం చెప్పమని బతిమాలింది. అప్పాజీ గారు నొచ్చుకున్నారు. "ఊరికి పేరొచ్చిందమ్మా. సంబంధాలు వెతుక్కుంటూ వస్తున్నారు. ఇప్పుడు రోగాలున్నాయంటే ఏం బాగుంటుంది?" సూరమ్మయితే సుప్రియ గడ్డం పట్టుకుని, "నువ్వే చిక్కిపోయావు తల్లీ, భోంచేసి వెళ్లు" అంది.

ఇక మంగళవారం వస్తే జాజులపాలెం ట్రాక్టరెక్కి కొత్తగరువు వెళ్లేది. ఎవరడిగినా చుట్టాలను చూడ్డానికని చెప్పేవారు. అక్కడి ఆసుపత్రి వరండా కిక్కిరిసింది. కొత్తగరువులో రోగాలు విపరీతంగా ప్రబలుతున్నాయని, ఆరోగ్యానికి మారుపేరైన పొరుగూరిని చూసైనా సిగ్గు తెచ్చుకోవాలని పై అధికారి మందలించారు. కొత్తగరువు సిగ్గుపడింది. తమకూ ఒక కంప్యూటరు కావాలని పట్టుబట్టింది.

కంప్యూటరు వచ్చింది. అనుభవజ్ఞురాలిగా సుప్రియను వేదిక మీద కూర్చోబెట్టారు. అధికారి గారు మైకు అందుకుని, "యంత్రం ముఖం చూసి రోగం పారిపోయింది. సోదరులారా, రేపు మరణం కూడా ఆలోచనలో పడుతుంది" అని ప్రవచించారు. చప్పట్లు మోగాయి. సుప్రియ మాత్రం ఒక నిశ్చయంతో వచ్చింది. మైకు తన చేతికి రాగానే అంతా చెప్పేస్తుంది. సర్టిఫికెట్టు పోతే పోనీ, ఉన్న ఒక్క డాక్టరైనా దక్కుతాడు. ఆ డాక్టరు సభ చివర, బదిలీ అయితే సర్దుకోవాల్సిన సామాను గురించి ఆలోచిస్తూ నిలబడి ఉన్నారు. ఆయన పక్కనే సూరమ్మ, మోకాళ్లు రెండు చేతులా పట్టుకుని, చుట్టపుచూపుగా కూర్చుని ఉంది.

అధికారి గారు సుప్రియ మెడలో స్వయంగా పూలదండ వేశారు. ఆప్యాయంగా మైకు ముందుకు చాపి, "ఏమ్మా, మన ప్రోగ్రాం ఎలా ఉంది?" అన్నారు.

సుప్రియ లేచింది. ఎదురుగా ఇంతమంది పెద్దలు, పైగా ఆయన అంత మన్ననగా అడిగారు. ఆమె కూడా గోదావరి నీళ్లు తాగిన పిల్లే.

"చాలా బాగుందండి" అంది.

మరునాడు డాక్టరు సామాను లారీ ఎక్కింది.

సుప్రియను తిట్టుకోకండి. ఈ కథ రాసినవాడు రేపు బజార్లో ఎదురుపడి, మీ చేతులు పట్టుకుని ఎలా ఉందండీ అని అడిగితే, మీరేమంటారో అతనికి ముందే తెలుసు.