ఈక కనబడితే సేనాపతి కనబడినట్టా?

ప్రపంచశాంతికి మార్గం నేను కనిపెట్టాను. నవ్వకండి! దాని పేరు లైన్ ఆఫ్ సైట్ రూలు.

తెలియనివారికి చెబుతాను. ప్రతి ఆదివారం మా భోజనాల బల్ల మీద యుద్ధం జరుగుతుంది. అట్ట కొండలు, ప్లాస్టిక్ చెట్లు, వేలెడంత బొమ్మ సైనికులు. ఒక పక్క నేను, ఎదురుగా మా బావమరిది. పాచికలు వేసి కాల్చుకోవాలి. అయితే నా సైనికుడికి అవతలివాడు కనబడితేనే కాల్చాలి. ఇంతే రూలు!

సమస్త శుభాలూ ఇందులోంచే పుట్టాయి. కొమ్మల సందులోంచి మోచెయ్యి కనబడితే మనిషి కనబడినట్టా? అడవంటే ఆ నాలుగు చెట్లా, వాటి కింద పరిచిన ఆకుపచ్చ గుడ్డ మొత్తమా? గుడ్డ అంచున ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టినవాడు అడవిలో ఉన్నట్టా, లేనట్టా? ఇవి తేలేదాకా తుపాకి పేలదు. తేలవు కాబట్టి పేలదు. మా యుద్ధం ఏనాడూ రెండో రౌండు దాటలేదు. ఇంతకన్నా అహింస ఎక్కడుంది?

ఆరోగ్యానికీ మంచిదే. సైనికుడి కంటితో చూడాలంటే నడుం వంచి, చెంప బల్లకానించి, ఒక కన్ను మూయాలి. ఒకసారి మా ఆవిడ మా ఇద్దరినీ ఆ భంగిమలో చూసి, బల్ల ఏమైనా చెబుతోందా అని అడిగింది.

ఎదుటివాడి చోట నిలబడి చూడమని పెద్దలు ఊరికే అన్నారా? మేం అక్షరాలా అదే చేస్తాం. కాల్చడానికి వీలవుతుందో లేదో తెలుసుకోవడానికే అనుకోండి, చూడటమైతే చూస్తున్నాం కదా!

మా బావమరిదీ తక్కువవాడేం కాదు. నా తుపాకివాళ్ళకు కళ్ళు పెయింట్ చేయడం చేతకాక వదిలేస్తే, కళ్ళు లేనివాళ్ళకు చూపెక్కడిదని ఒక పూటంతా వాదించాడు. ఆ పూట ఎంత హాయిగా గడిచిందో!

అలాంటివాడు ఈమధ్య చెడిపోయాడు.

నా సేనాపతి గోడ వెనక దాక్కున్నాడు. టోపీ మీది ఈక మాత్రం పైకి కనబడుతోంది. బావమరిది దానికి ఫిరంగి గురిపెట్టాడు. ఈక శరీరం కాదు, అలంకారం అన్నాను. రూల్ బుక్కులో పేజీ తీశాను. లేజర్ లైటు వేశాను. స్నానాల గదిలోంచి అద్దం కూడా తెచ్చాను. మా ఆవిడ తొంగిచూసి, కోడిగుడ్డుకు ఈకలు పీకడమంటే ఇదేనని వెళ్ళిపోయింది.

బావమరిది ఫిరంగి పక్కకు జరిపాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

“పోనీ బావా, పాచిక వేసి తేల్చేసుకుందాం. ఒక్క ఆటైనా పూర్తిచేయాలని ఉంది నాకు.”

“న్యాయాన్ని పాచికకు వదిలేస్తామా?” అన్నాను.

వాడు తన సైనికుల్ని ఒక్కొక్కరినే స్పాంజి పెట్టెలో పడుకోబెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఆదివారాలు పక్కవీధి పళ్ళ డాక్టరు ఇంట్లో ఆడుతున్నాడట. అనుమానం వస్తే పాచిక వేసేస్తారట, వెలుగుండగానే ఆట ముగుస్తుందట! మొన్న చిత్తుగా ఓడిపోయి నవ్వుకుంటూ వచ్చాడని మా ఆవిడ చెప్పింది. ఓడినవాడు నవ్వడమేమిటి? నాతో ఆడినన్నాళ్ళూ వాడు ఒక్కసారీ ఓడలేదు. నవ్విన గుర్తు కూడా లేదు.

నాకేం బెంగ లేదు. కాస్త బెంగే అనుకోండి. ఈ ఆదివారం నా సైన్యాన్నే రెండు వైపులా సర్దాను. చెంప బల్లకానించి నా సేనాపతి కంటితో చూశాను. గోడ అడ్డం లేదు, చెట్టు లేదు. ఎదుటి కుర్చీ దాకా చూపు తిన్నగా వెళ్ళింది. కుర్చీ వీపు మొత్తం కనబడింది. ఆ పూట వాదన రాలేదు.

కాబట్టి పాఠకులారా, మీలో ఎవరికైనా ఆదివారం తీరిక ఉంటే రండి. నేనూ మారాను. అనుమానం వస్తే పాచికే వేద్దాం. ఏది అనుమానమో మాత్రం నేను చెబుతాను.