ఇంద్రజ చేయలేని పనుల జాబితా

మంగళవారం పొద్దున నిరుపమ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇల్లు ఊడవకూడదు. గిన్నెలు తోమకూడదు. పది గంటలకు వచ్చే మనిషికి కాఫీ ఇవ్వకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, నవ్వకూడదు.

ఈ పథకం ఆమె సొంతం కాదు. టౌరంగా అనే ఇంకో ఊళ్ళో ఉండే పార్వతి ఆంటీది. ఆవిడ కొడుకు నర్సింహకు నలభై ఏళ్ళు. పుట్టినప్పటినుంచీ అతని బతుకు మంచానికీ చక్రాల కుర్చీకీ మధ్యే. ప్రభుత్వ సాయం నిబంధనలు మారాక, ఆ సాయం మంజూరు చేసే ఆఫీసు నుంచి ఒకమ్మాయి వచ్చి ఎలా ఉన్నారని అడిగితే ఆవిడ మర్యాదకి "బాగున్నామమ్మా" అంది. నెల తిరక్కుండా సహాయకుడు వచ్చే గంటలు సగానికి తగ్గిపోయాయి.

"ఆ ఒక్క మాట నా కొంప ముంచింది నిరుపమా," అని ముందురోజు ఫోన్లో మొత్తుకుంది. "ఎలా ఉన్నారంటే మొహం వేలాడేసుకో. పిల్ల ఏం చేయగలదో ఛస్తే చెప్పకు. ఏం చేయలేదో చెప్పు. ఒక్కటి కూడా వదలకు. కావాలంటే కాగితం మీద రాసుకో."

నిరుపమ రాసుకుంది. రెండు పేజీలు వచ్చాయి.

ఇంద్రజకు ఇరవై మూడేళ్ళు. పుట్టేటప్పుడు మెదడుకు ప్రాణవాయువు అందక కాళ్ళూ చేతులూ స్వాధీనంలో లేకుండా పోయాయి. మాట వస్తుంది కానీ దారి వెతుక్కుంటూ వస్తుంది. ఒక వాక్యం పూర్తి కావడానికి పావు నిమిషం, ఒక్కోసారి అర నిమిషం పడుతుంది. వినేవాళ్ళకు అంత ఓపిక ఉండదు గనక మిగతా సగం వాళ్ళే పూర్తి చేసేస్తారు. అందరికన్నా ఎక్కువగా పూర్తి చేసేది నిరుపమ. తెలివికి మాత్రం ఏ లోటూ లేదు. పరాయి దేశానికొచ్చి వాళ్ళుంటున్న పామర్‌స్టన్ నార్త్‌లోనే యూనివర్సిటీలో చరిత్ర చదువుతోంది. వారానికి పదహారు గంటలు హారిక అనే అమ్మాయి వచ్చి, స్నానం చేయించి, క్లాసుకు తీసుకెళ్ళి తీసుకొస్తుంది. ఆ పదహారు గంటల్లోనే నిరుపమ మందుల షాపులో ఉద్యోగం చేస్తుంది. ఎప్పుడైనా అరగంట మిగిలితే షాపు వెనకాల కారులో సీటు వాల్చుకుని నిద్రపోతుంది. ఇప్పుడా పదహారు గంటలు అవసరమా కాదా అని చూడడానికే ఆఫీసువాళ్ళు మనిషిని పంపుతున్నారు.

భర్త రవిచంద్ర ఆస్పత్రిలో కంప్యూటర్ల విభాగంలో పనిచేస్తాడు. ఆ పొద్దున వెళ్ళేముందు భార్యకు ఒక మాట చెప్పాలనుకుని, సైకిల్ హెల్మెట్ వెతుక్కునే గొడవలో మర్చిపోయాడు. ఆ మాట ఏమిటంటే, అద్దె ఇంటి ఏజెంటు ఆరోజే, గదిని వెచ్చబరిచే హీట్ పంప్‌ను సర్వీసు చేసే మనిషిని పంపుతున్నాడని.

పదికి ఐదు నిమిషాలు ఉందనగా ఆ మనిషి వచ్చాడు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబ్.

"గుడ్ మార్నింగ్. నా పేరు గ్రాహం. ఏడాదికోసారి చేసే చెకింగ్‌కి వచ్చాను."

"రండి," అంది నిరుపమ, నవ్వకుండా.

గ్రాహం బూట్లు విప్పి లోపలికొచ్చి, ఉత్సాహంగా అడిగాడు. "ఎలా పనిచేస్తోంది ఆమె?"

గ్రాహం ఉద్దేశంలో ఆమె అంటే గోడమీది హీట్ పంప్. ఈ దేశంలో పనివాళ్ళకు కారూ, పడవా, గడ్డి కోసే మిషనూ అన్నీ ఆమెలే. నిరుపమకు మాత్రం ఇంట్లో ఆమె ఒక్కతే.

"ఏం పనండీ, ఏదీ చేయలేదు," అంది.

"అయ్యో. ఎప్పటినుంచి?"

"మొదటినుంచీ అంతే."

"మొదటినుంచా! ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదా? ఆమె వయసెంత?"

"ఇరవై మూడు."

గ్రాహం సన్నగా ఈల వేశాడు. "ఇరవై మూడా! మామూలుగా పదిహేనేళ్ళకి మించి రావు. ఇంక ఆమె మీద ఖర్చు దండగండీ. తీసేసి వేరేది పెట్టించుకోండి."

ఆఫీసువాళ్ళు కఠినంగా ఉంటారని పార్వతి ఆంటీ చెప్పింది కానీ ఇంత కఠినంగా ఉంటారని చెప్పలేదు. నిరుపమ, "తీసెయ్యడమేంటండీ? నా కన్నకూతుర్ని తీసేసి వేరేది పెట్టుకోమంటారా?" అని భోరుమంది.

గ్రాహం అప్పుడు చూశాడు, కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఉన్న అమ్మాయిని. అతని మొహం పాలిపోయింది. "అమ్మా, క్షమించండి, నేను అన్నది..." అని మొదలుపెట్టాడు. ఆ సరికే నిరుపమ కాగితం విప్పేసింది.

"స్నానం తనంతట తను చేయలేదు. తల దువ్వుకోలేదు. గ్లాసు పట్టుకోలేదు. మంచంమీద పక్కకి తిరగలేదు..."

అసలు సంగతి ఆ గదిలో ఒక్క ఇంద్రజకే తెలుసు. ఆమె కూర్చున్నచోటు నుంచి అతని వ్యాను కనిపిస్తోంది. దానిమీద ఇంత పెద్ద అక్షరాలతో హీట్ పంప్ కంపెనీ పేరుంది.

"అమ్మా... అతను... హీట్..."

"హీట్ ఎక్కువైందా నాన్నా?" నిరుపమ లేచి రిమోట్‌తో వేడి తగ్గించి, మళ్ళీ కూర్చుని ఏడో అంశం నుంచి అందుకుంది.

ఐదు నిమిషాల తరవాత ఇంద్రజ మళ్ళీ ప్రయత్నించింది. "అతను... ఆఫీసు..."

"ఉండమ్మా, ఆఫీసుల్లో నీకు ఉద్యోగం రాదని కూడా రాశాను. రెండో పేజీలో ఉంది."

గ్రాహం మంచివాడు. ఏడుస్తున్న మనిషి మాటకు అడ్డం వెళ్ళడం అతనికి చేతకాలేదు. సోఫా అంచున కూర్చుని నలభై నిమిషాలు విన్నాడు. రెండో పేజీ వచ్చింది. "మాట సరిగ్గా రాదు. ఏం చెప్పినా నేనే పూర్తి చెయ్యాలి. స్నేహితులంటూ ఎవరూ లేరు. నేను లేకపోతే ఒక్క గంట కూడా బతకలేదు." అక్కడికి వచ్చేసరికి ఇంద్రజ ప్రయత్నం మానేసి మొహం కిటికీవైపు తిప్పుకుంది. నిరుపమ అది చూసింది. అయినా ఇంకా నాలుగు అంశాలున్నాయి. అవి కూడా చదివేసింది.

గ్రాహం లేచి చొక్కా చేతికి కళ్ళు తుడుచుకుని, హీట్ పంప్ మూత తెరిచి లోపలి జాలీ శుభ్రం చేశాడు. ఇంట్లో వెచ్చదనం సంగతి కూడా చూస్తారు కాబోలని నిరుపమ అనుకుంది. ఆయన ట్యాబ్ చాపితే సంతకం పెట్టింది. ఆయనిచ్చిన కార్డును చదవకుండానే ఫ్రిజ్ మీద అంటించి, పార్వతి ఆంటీకి ఫోన్ చేసింది.

"అయిపోయింది ఆంటీ. పాపం, ఆయన ఏడ్చాడు కూడా."

"ఏడ్చాడా! అయితే నీకు గంటలు పెంచుతారు చూడు!"

ఫోన్ పెట్టేసి చూస్తే ఇంద్రజ ఇంకా కిటికీవైపే చూస్తోంది.

"కోపమొచ్చిందా నాన్నా? ఆఫీసు కోసం అలా చెప్పాల్సొచ్చింది. నేను నిజంగా అలా అనుకుంటానా?"

ఇంద్రజ ఇటు తిరక్కుండానే అంది. "బాగా... చదివావు."

నిరుపమకు ఏం చెయ్యాలో తోచలేదు. ఏం చెయ్యాలో తోచనప్పుడు ఆమె ఇల్లు సర్దుతుంది. గిన్నెలన్నీ తోమేసింది, ఇల్లు ఊడ్చేసింది, కూతురికి ఇష్టమని పెసరట్లకు పెనం పెట్టింది. పదకొండుంబావుకు మళ్ళీ బెల్ మోగింది. గాలికి జుట్టంతా చెదిరిపోయిన ఒకమ్మాయి, స్వెటరూ గుడ్డసంచీతో గుమ్మంలో నిలబడి ఉంది.

"హాయ్, నేను మేగన్. ఇంద్రజ కోసం వచ్చాను. బాగా ఆలస్యమైంది, సారీ."

క్లాసులో అమ్మాయెవరో ఈ వారం నోట్సు తెచ్చిస్తుందని ఇంద్రజ చెప్పి ఉంది. నిరుపమ ప్రాణం లేచొచ్చింది. స్నేహితులెవరూ లేరని చదివి గంట కాలేదు, స్నేహితురాలు నడుచుకుంటూ వచ్చేసింది. మేగన్‌ను కూర్చోబెట్టి వేడి పెసరట్టు చేతికిచ్చింది.

"ఇంద్రజ గురించి కాస్త చెప్తారా? రాసుకోవచ్చా?" అంది మేగన్.

చదువుకునే పిల్లలు అన్నీ రాసుకుంటారు. "రాసుకో తల్లీ," అంది నిరుపమ. కిటికీ దాకా వినిపించేలా గొంతు పెంచింది. "మా ఇంద్రజకి రానిదంటూ లేదు. వాళ్ళ నాన్న రాసే మెయిల్స్ అన్నీ తనే దిద్దుతుంది. ఈ ఊళ్ళో నాకు డ్రైవింగ్ నేర్పించిందెవరనుకున్నావు? పక్కన కూర్చుని రైట్, లెఫ్ట్ అని తనే చెప్పేది. సరుకులన్నీ ట్యాబ్‌లో తనే ఆర్డర్ చేస్తుంది. పులిహోరలో పులుపెంతో, ఉప్పెంతో తనే చెప్తుంది. నావి చేతులు మాత్రమే."

కిటికీవైపు ఉన్న మొహం నెమ్మదిగా ఇటు తిరిగింది. నిరుపమకు హుషారొచ్చింది.

"ఇంట్లో ఒక్కతే ఉండగలదా?" అడిగింది మేగన్.

"ఎందుకుండలేదు! మొన్న నేను షాపులో ఇరుక్కుపోతే రెండు గంటలు ఒక్కతే ఉంది. నేను ఏడ్చుకుంటూ వస్తే నన్నే ఓదార్చింది." ఆ రెండు గంటలూ కూతురు దాహంతో, తడిసిన బట్టల్లో ఉన్న సంగతి నిరుపమ చెప్పలేదు. గొప్పగా చెప్పుకునేటప్పుడు అవన్నీ ఎవరు చెప్తారు?

"మీకు సాయం చేసేవాళ్ళున్నారా?"

"ఈ ఊళ్ళో మన తెలుగువాళ్ళు ముప్ఫై కుటుంబాలు. ఒక్క ఫోన్ చేస్తే చాలు." ఆ ముప్ఫై కుటుంబాలూ ఏటా ఉగాదికి కనిపిస్తాయి.

మేగన్ కలం పక్కన పెట్టి ఇంద్రజవైపు తిరిగింది. "నువ్వేమైనా చెప్పాలా?" అని అడిగి, ఊరుకుని ఎదురుచూసింది. ఇంద్రజ ఆమె స్వెటర్ కింద సగం దాక్కున్న గుర్తింపు కార్డును చూసింది. తరవాత చేతిలో అట్లకాడతో మెరుస్తున్న కళ్ళతో నిలబడ్డ అమ్మను చూసింది.

"లేదు," అంది.

"ఇలాంటి ఇల్లు చూసి చాలా రోజులైంది," అని మేగన్ నిరుపమ చెయ్యి నొక్కి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన రవిచంద్ర, హెల్మెట్ తీస్తూ అడిగాడు. "హీట్ పంప్ అతనొచ్చాడా?"

"ఏ హీట్ పంప్ అతనండీ?"

రవిచంద్ర ఫ్రిజ్ మీది కార్డు తీసి పైకి చదివాడు. నిరుపమ కుర్చీలో కూలబడిపోయింది. "మరి ఆఫీసు మనిషేడీ? రాలేదా?"

"పెసరట్టు... తిన్నది... ఆవిడే," అంది ఇంద్రజ. అర నిమిషం పట్టింది. ఈసారి ఎవరూ మధ్యలో అందుకోలేదు.

రవిచంద్ర వెంటనే ఆఫీసుకు ఫోన్ చేసి, తన భార్య మనిషి విషయంలో పొరబడిందని చెప్పాడు. అవతలి గొంతు చాలా మర్యాదగా అడిగింది. "అయితే ఆవిడ చెప్పినవి అబద్ధాలా సార్?"

"అబద్ధాలు కావండీ, కానీ..."

"మరి ఇబ్బందేమిటి సార్?"

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. పదహారు గంటలు ఐదయ్యాయి. పులిహోర దగ్గర్నుంచి ముప్ఫై కుటుంబాల దాకా నిరుపమ చెప్పినవన్నీ అందులో కారణాలుగా ఉన్నాయి. ఐదు గంటల పనితో ఇల్లు గడవక హారిక ఊరు వదిలి, దూరాన మనురేవాలో ఏదో షాపులో చేరిపోయింది. వెళ్ళేముందు ఇంద్రజ జుట్టు జడ వేసి, దువ్వెన ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు చేత్తో పట్టుకుని నిలబడింది. నిరుపమ మందుల షాపులో రాజీనామా ఇచ్చింది. ఇంద్రజ వారానికి మూడు క్లాసులకు బదులు ఒక్కదానికే వెళ్తోంది.

ఒక సాయంత్రం కూతురి కాళ్ళకు నూనె రాస్తూ నిరుపమ అడిగింది. "ఆవిడెవరో నీకు ముందే తెలుసు కదా?"

ఇంద్రజ తలూపింది.

"మరి నన్నెందుకు ఆపలేదే? నోరుముయ్యి అమ్మా అంటే సరిపోయేదిగా?"

"నువ్వు... నా గురించి... ఎవరికీ... అలా చెప్పలేదు." ఇంద్రజ ఊపిరి తీసుకుంది. నిరుపమ చేతులు ఆగిపోయాయి. పూర్తి చెయ్యాలన్న తొందరను పళ్ళ బిగువున ఆపుకుంది. "ఎప్పుడూ. అందుకని... చివరిదాకా... వినాలనిపించింది."

నిరుపమ తల ఎత్తలేదు. డాక్టర్లకు, బడికి, ఆఫీసులకు ఇరవై మూడేళ్ళుగా ఆమె మొదటి జాబితానే చదువుతూ వస్తోంది. చదవకపోతే ఏదీ వచ్చేది కాదు. ప్రతిసారీ పిల్ల ఆ గదిలోనే ఉంది. చేయగలిగినవాటి రెండో జాబితా చదవాలని ఒక్కసారీ తోచలేదు. తోచిన రోజున ఎవరికి చదవకూడదో వాళ్ళకే చదివింది. నూనె ఆరిపోయేదాకా ఆ పాదాన్ని అలాగే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

నిర్ణయాన్ని మార్చమని మళ్ళీ అర్జీ పెట్టుకోవచ్చు. "ఈసారి నేను జాగ్రత్తగా రాస్తా," అంది నిరుపమ.

"నేను," అంది ఇంద్రజ.

ఒక్క వేలితో, ట్యాబ్ మీద, పదకొండు రోజులు రాసింది. నిరుపమ చేతులు కట్టుకుని వెనకాల తిరిగింది. ఒక్క అక్షరం కూడా అందించలేదు. ఉత్తరంలో ఇలా ఉంది: "మా అమ్మ చెప్పినవన్నీ నిజమే. అవన్నీ నేను చేయగలుగుతున్నది పొద్దున్నే ఒక మనిషి వచ్చి నన్ను లేపి, కడిగి, కూర్చోబెట్టడం వల్ల. ఆ మనిషిని తీసేస్తే, నేను చేయగలిగినవి కూడా చేయలేనివైపోతాయి. మా అమ్మకు నిద్ర కూడా కావాలి. ఆ సంగతి ఆవిడ మీకు చెప్పదు."

రవిచంద్ర అది చదివి, బయటికెళ్ళి, సైకిల్‌కు అక్కర్లేకపోయినా గాలి కొట్టాడు.

ఆరు వారాలకు జవాబు వచ్చింది. ఐదు గంటలే ఖాయం చేశారు. పైగా అర్జీదారు తన మనసులో మాట ఇంత స్పష్టంగా సొంతంగా రాయగలుగుతున్నారు గనక, మాట సాఫీగా రావడానికి నెలకోసారి వచ్చి నేర్పే శిక్షకురాలి అవసరం కూడా ఇక లేదని తేల్చారు. అచ్చు కాగితం అడుగున ఎవరో అధికారి నీలం సిరాతో, ఉత్తరం చాలా చక్కగా ఉందని మెచ్చుకున్నారు కూడా.