కోడూరు చేపల షెడ్డులో ఆమోదిత తెలుపు

మన దగ్గర ఏది తెలుపో తేల్చే అధికారం కంటికి లేదు. అది వెలుగు నాణ్యతా పర్యవేక్షణ విభాగానికి ఉంది. (ఈ సంగతి కంటికి ఇంతవరకూ ఎవరూ లిఖితపూర్వకంగా తెలియజేయలేదు.)

కోడూరు చేపల షెడ్డులో ఆ విభాగం వారు కొత్త ఎల్ఈడీ దీపాలు పెట్టించారు. మొదటి సాయంత్రమే, అక్కడ చేపలమ్మే ముత్యాలమ్మ తట్టలోని పండుగప్పలు నీలంగా కనిపించాయి. కృపావతి టీచరు మొప్ప ఎత్తి చూశారు. ఎర్రగా ఉండాల్సింది నల్లగా ఉంది.

"నిన్నటివేమో ముత్యాలమ్మా."

"మధ్యాహ్నం పడవ దిగినయ్యండి. మీ చేతులు ఒకసారి చూసుకోండి టీచరుగారూ, అవీ నిన్నటివేనా?"

టీచరు చేతులు చూసుకుని, కొంచెం కంగారుపడి, కొనకుండానే వెళ్ళిపోయారు. నాలుగు రోజులు ఇదే వరస. ఇరవై ఏళ్ళుగా ముత్యాలమ్మ దగ్గర తప్ప కొననివాళ్ళు కూడా చేపను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడసాగారు. బేరం పోయినందుకన్నా మాట పోయినందుకు ముత్యాలమ్మ ఎక్కువ బాధపడింది.

ఐదో రోజు, విభాగం తరఫున షెడ్డు దీపాల పని చూసే హనోకును పట్టుకొచ్చింది. అతను నిచ్చెనెక్కి మీటరు పెట్టి చూశాడు.

"ఇందులో పుట్టేది నీలం వెలుగే పిన్నీ. పైనున్న పసుపు పూత దాన్ని తెలుపు చేసుద్ది. వీళ్ళు కరెంటు ఎక్కువ పెట్టారు. నీలం పెరిగింది, పూత చాలట్లేదు. ఇదిగో, ఈ స్క్రూ కాస్త తిప్పితే సరిపోద్ది."

"మరి తిప్పు."

"అనుమతి కావాలి."

దరఖాస్తు బందరులోని విభాగం ఆఫీసుకు వెళ్ళింది. అందులో దీపం రంగు అన్నచోట రెండే గళ్ళున్నాయి: 'తెలుపు', 'వెలగడం లేదు'. ముత్యాలమ్మ 'నీలం' అని రాయించింది కాబట్టి అది చెల్లలేదు. రెండోసారి 'తెలుపు, కానీ నీలం' అని రాయిస్తే అధికారి వేదవ్యాస్ గారు స్వయంగా తనిఖీకి వచ్చారు, మిట్టమధ్యాహ్నం. ఎండలో నిలబడి, దీపం వేయించి చూసి, 'తెలుపే' అని రాసుకున్నారు.

"సాయంత్రం ఆరింటికి వచ్చి చూడండి బాబుగారూ," అంది ముత్యాలమ్మ.

"ఐదు దాటితే నాకు చూసే అధికారం లేదమ్మా," అన్నారాయన మర్యాదగా.

దీపం తెలుపేనని తేలింది గనక నీలం చేపలదేనని విభాగం నిర్ధారించింది. చేపల అసలు రంగుకు తగిన ఆధారాలు చూపాలని ముత్యాలమ్మకు నోటీసు వచ్చింది. హనోకు దాన్ని ఆమెకు చదివి వినిపించాడు, మడిచి చేతికిచ్చాడు, నిచ్చెనెక్కి స్క్రూ తిప్పాడు. వెలుగు కాస్త తగ్గింది. మొప్పలు ఎర్రబడ్డాయి.

మర్నాటి సాయంత్రం టీచరుగారు రెండు పండుగప్పలు కోయించుకున్నారు. "ఇవాళ మంచివి తెచ్చావు," అన్నారు. ముత్యాలమ్మ కత్తి కొంచెం గట్టిగా దిగింది.

వారం తిరక్కుండా హనోకుకు మెమో వచ్చింది. నేరం: అనుమతి లేకుండా దీపమును బాగుచేయుట. షెడ్డు దీపాలను తక్షణం ఆమోదిత తెలుపుకు మార్చాలని కూడా ఉత్తర్వైంది. ఆ స్క్రూ ఎటు తిప్పాలో తెలిసినవారు విభాగంలో మరెవరూ లేనందున, ఆ పని హనోకుకే అప్పగించారు.