టవరు కాలి దగ్గర ఉప్పు

ఆ మార్చి ఉదయం రాజ్యం అనుకున్నది చాలా మామూలు పని. ఇరవై మంది కూలీలను పెట్టి, సాయంత్రం మబ్బు దిగేలోగా కౌలు చేలో పండిన మిరపకాయలు కోయించాలి. వాన తగిలితే కాయ మచ్చపడుతుంది. ఆమె ఒంటి చేత్తో వేసిన మొదటి పంట అది.

కూలీల మేస్త్రి కోటేశ్వరి గట్టు మీదే ఆగిపోయింది. చేలో ఉన్న హైటెన్షన్ టవరు కాలి దగ్గర కొత్తగా తవ్వి పూడ్చిన గుంట ఉంది. చుట్టూ బొగ్గు ముక్కలు, ఉప్పు కల్లు పడి ఉన్నాయి.

"ఎవరో నీకు చేతబడి చేశారక్కా. మా ఆడాళ్లు ఇందులో అడుగు పెట్టరు."

నిన్న కరెంటోళ్లు పూడ్చారని రాజ్యం చెప్పింది. కరెంటుకు ఉప్పెందుకని కోటేశ్వరి అడిగింది. రాజ్యం లైన్‌మన్ నాగూర్ వలికి కబురు పెట్టింది.

వలి నిజాయితీపరుడు. పూడ్చింది తానేనని ఒప్పుకున్నాడు. చేయించింది ఎవరంటే కరెంటాఫీసు ఇంజనీరు, ఏఈ గారన్నాడు. ఏఈ గారి కన్ను ఈ చేను మీద పడిందని గట్టు మీద తేలిపోయింది.

ఏఈ ప్రసన్నకుమార్ జీపులో వచ్చాడు. అతను వలి కంటే నిజాయితీపరుడు. పిడుగు పడితే టవరు గుండా నేలలోకి దిగిపోవాలని, నేల ఎండితే దిగలేక లైను ఆగిపోతుందని, ఉప్పూ బొగ్గూ తడిని పట్టి ఉంచుతాయని ఓపిగ్గా చెప్పాడు. కూలీలు అంతకంటే ఓపిగ్గా విన్నారు. వాళ్ల భయం పోగొట్టడానికి అతను ఇంకో మాట కలిపాడు.

"ఈ ఒక్క చేలోనే కాదమ్మా. దర్శి దాకా ముప్పై రెండు టవర్ల కిందా పెట్టించాను."

గంటలో ముప్పై రెండు చేలల్లో కోత ఆగింది. రైతులు పలుగులతో వచ్చి జీపును చుట్టుకున్నారు. గుంటలు తవ్వి పారేస్తామన్నారు. పడమట ఉరిమింది. గుంట తీస్తే లైను పోతుంది, తీయకపోతే రాజ్యం కాయ పోతుంది.

రాజ్యం వెళ్లి గుంట పక్కన నిలబడింది.

"కోటేశ్వరీ, నీ మనవడికి దిష్టి దేంతో తీస్తావే?"

"ఉప్పుతో."

"మరి చుట్టుపక్కల ఇంత పొడుగున్నది ఇంకోటి లేదు గదా. పిడుగు కన్ను దీని మీద పడదా? నాకేం చేయలేదే. టవరుకు దిష్టి తీశారు."

కోటేశ్వరి గట్టు మీంచే మెడ చాచి గుంట వైపు చూసింది.

"అట్టయితే మిరపకాయలేవీ? మిరపకాయల్లేకుండా దిష్టి తీసేదెవరు?"

అందరూ ఏఈ వైపు చూశారు. ఇంత చదివి ఆ మాత్రం మరిచిపోయినందుకు అతను తల వంచుకున్నాడు. రాజ్యం మొక్కల మీదే ఎండిన కాయలు గుప్పెడు కోసి తెచ్చింది. వలి గుంట పైమట్టి తీసి అవి అందులో వేసి మళ్లీ కప్పాడు. కూలీలు చేలోకి దిగారు. ఏఈ గారి జీపు బుట్టెడు మిరపకాయలతో మిగతా ముప్పై ఒక్క టవర్లూ తిరిగింది.

చీకటి పడ్డాక పిడుగులతో వాన వచ్చింది. అప్పటికి రాజ్యం కాయ ఇల్లు చేరింది. లైను ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ తర్వాత కోటేశ్వరి ముఠా, గుంట లేని టవరున్న చేలో కోతకు రామని చెప్పేసింది.

మరుసటి ఏడాది ఏఈ గారి ఆఫీసు పైకి పంపిన సామాన్ల జాబితాలో ఉప్పు, బొగ్గు తర్వాత ఎండు మిరపకాయలు రాసి ఉన్నాయి. ఎందుకని పై ఆఫీసు అడగలేదు. అక్కడున్నదీ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసే ఇళ్ల వాళ్లే.