చివరి బీడీ తేదీ

పోచమల్లు ఒంట్లో చేరాలా వద్దా అని తేల్చుకోవడానికి కిడ్నీ ఇల్లు చూడవచ్చిన రోజున ఆ ఇంట్లో ఆరుగురున్నారు. గోడకు ఆనుకుని, వాచిన పాదాలను లుంగీ కింద దాచుకున్న పోచమల్లు. అతని భార్య లస్మవ్వ. నులకమంచం మీద తల్లి ముత్తవ్వ. తలుపు చాటున పదో తరగతి చదివే కూతురు రవళి. ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్లో ఫైలుతో, నిర్ధారణ అధికారి విద్యాసాగర్. పక్కింటి నుంచి తెచ్చిన మంచి కుర్చీలో, తడి తువ్వాలు మీద, కిడ్నీ.

ముందుగా మంచినీళ్లిచ్చారు. కిడ్నీ ఒక గుటక తాగి, కాసేపు వడగట్టి చూసి, "ఫ్లోరైడ్ ఉంది" అంది. అధికారి రాసుకున్నాడు.

"మా రోజుల్ల పిల్లను చూడనీకి వస్తుండిరి" అంది ముత్తవ్వ. "గిప్పుడు గిది వచ్చింది. ఏందయ్యా, మావోన్ని నడిపిచ్చి చూస్తవా? పాట పాడిపియ్యాల్నా?"

"అక్కర్లేదు. రక్తపరీక్ష కాగితాలు చూశాను" అంది కిడ్నీ.

అది ముప్పైయేళ్లు ఒక కబడ్డీ కోచ్ ఒంట్లో పనిచేసి వచ్చింది. క్రమశిక్షణ గలది. పోయిన వారం రెండిళ్లు చూసి కాదంది. ఒక ఇంట్లో అల్లుడు సిగరెట్ తాగుతాడు. రెండో ఇంట్లో ఎవరూ తాగరు గాని, అగ్గిపెట్టె జేబులో దొరికింది.

ఈ ఇల్లు చూసే ఆనవాయితీ రావడానికి కారణం ఒక పరిశోధన. పొగ తాగేవాళ్ల ఒంట్లో అమర్చిన కిడ్నీలు తొందరగా చెడిపోతున్నాయని అందులో తేలింది. నివేదికను ఆసుపత్రులన్నింటికీ పంపారు. డాక్టర్లకు తీరిక లేదు. రోగులకు అర్థం కాలేదు. కిడ్నీలు మాత్రం మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాయి. అప్పటి నుంచి ఇల్లూ మనిషీ చూడకుండా ఏ కిడ్నీ వచ్చి చేరడం లేదు. ప్రభుత్వం కూడా సబబేనని దారిఖర్చులు మంజూరు చేసింది.

పెద్దవాళ్లు బీడీల విషయంలో నిజం చెప్పరు కాబట్టి పిల్లల రాతను సాక్ష్యంగా తీసుకుంటారు. ఇందుకోసం బడుల్లో 'పొగ లేని ఇల్లు' ప్రచారం పెట్టి, ఎనిమిదో తరగతి నుంచి పిల్లలందరికీ తలా ఒక నోటుపుస్తకం ఇచ్చారు. ఇంట్లో ఆ రోజు ఎన్ని తాగారో రోజూ రాయాలి. రవళి వాళ్ల సారు పుస్తకాలు పంచిన పూటే, "సోమవారం తనిఖీ ఉంది. ఏడాది మొత్తానికీ సున్నాలు పెట్టేయండి, మళ్లీ టైం దొరకదు" అన్నాడు. జిల్లాలో సార్లందరికీ అదే ఆలోచన వచ్చింది. ప్రచారం మొదలైన సాయంత్రానికే జిల్లాలో పొగ తాగడం పూర్తిగా ఆగిపోయిందని ఇంకో పరిశోధన తేల్చింది. ఆ ఏడాది బీడీల ఉత్పత్తి పెరిగిన మాట నిజమే. కానీ అది వేరే శాఖ.

విద్యాసాగర్ ఫైలు తెరిచాడు. "ఇక్కడొక చిక్కుంది. ఆసుపత్రి కార్డులో ఇరవయ్యేళ్లు తాగి మానేశాడని ఉంది. పాప నోటుపుస్తకంలో మొదటి రోజు నుంచీ సున్నాయే. అసలు తాగనివాడు మానడం కుదరదు కదా."

"తాగనివాడైతే నాకు అభ్యంతరం లేదు" అంది కిడ్నీ. "మానేసి రెండేళ్లు దాటినవాడైనా సరే. రెండూ అయినవాడి దగ్గరికి నేను రాలేను. చివరి బీడీ తేదీ కావాలి."

పోచమల్లు నెత్తి గోక్కున్నాడు. "యాది లేదు సారూ. మానినప్పుడు మానిన."

"అయితే ఒకటే దారి" అన్నాడు అధికారి. "ఇప్పుడు నా ఎదురుగా ఒకటి తాగండి. ఇవాళ్టి తేదీ వేసుకుంటాను. సరిగ్గా రెండేళ్లకు మళ్లీ వస్తాం."

"రెండేండ్లా?" అంది లస్మవ్వ. "వారానికి మూడుసార్లు మిషిను మీద పండవెడుతున్నరు. ఆర్నెల్లకు మించి ఆగద్దన్నడు డాక్టరు."

"ఫారంలో ఆరు నెలల గడి లేదమ్మా."

"తాగురా మరి" అంది ముత్తవ్వ కొడుకుతో. "మానుకోనీకి తాగుమంటున్నరు. సర్కారు మాట ఎందుకు కాదంటవ్?"

అప్పుడు తలుపు చాటు నుంచి రవళి బయటికొచ్చింది. చుట్టాలొస్తే పెరట్లోకి పోయే పిల్ల అది. బడి ఊరేగింపులో నినాదాలు తనే రాసేది, అరిచేవాళ్లు వేరే. చేతిలో ఎనిమిదో తరగతి నాటి, అట్ట చిరిగిన డైరీ ఉంది. ఎవరి ముఖమూ చూడకుండా, ఒక పేజీ తీసి చదివింది.

"జూలై పద్నాలుగు. ఇయ్యాల బడిల ఉపన్యాసం పోటీల నోరు పెగల్లేదు. పొగాకు మీద రాసుకున్న కాగితం చెమటకు తడిసింది. ఇంటికొచ్చి ఏడ్చిన. నాయిన బీడీ తాగుకుంట, 'నాకు చదివి వినిపియ్యి బిడ్డా, ఇయ్యాల నేనే జడ్జీని' అన్నడు. చదివిన. అయిపోయినంక చప్పట్లు కొట్టబోయిండు. చేతుల బీడీ ఉంది. దాన్ని కిందేసి రెండు చేతులతోని కొట్టిండు. మళ్ల తీసుకోలె."

పోచమల్లు పాదాల వైపు చూసుకున్నాడు. అధికారి వేళ్ల మీద లెక్కపెట్టాడు. రెండేళ్ల నాలుగు నెలలు.

"కానీ దీని మీద స్టాంపు లేదే" అన్నాడు.

"సున్నాల మీద ఉంది, చూశాను" అంది కిడ్నీ. "నేను దీన్ని నమ్ముతాను. తర్వాత ఏముందో చదువమ్మా."

రవళికి చదవడం మొదలుపెట్టడమే కొత్త. మధ్యలో ఆపవచ్చని తెలియదు. "అమ్మకు నడుము నొస్తుందంటే నేనే మూడు వందల బీడీలకు మూతులు మడిచిన. బీడీల చాట నాయినమ్మ మంచం కింద పెట్టిన."

కిడ్నీ మంచం వైపు తిరిగింది. తల లేదు కాబట్టి మొత్తంగా తిరిగింది. "ఇప్పుడూ అక్కడే ఉందా?"

"ముసలిదాని మంచం కింద తొంగిచూసుడేంది, సిగ్గుండాలె!" అంది ముత్తవ్వ.

అధికారి చాటను బయటికి లాగాడు. తునికాకు, తంబాకు, కత్తెర, దారం, సగం నిండిన కట్టలు. కిడ్నీ తువ్వాలులో కొంచెం ముడుచుకుంది.

"మనిషి నచ్చాడు" అంది. "ఇల్లు నచ్చలేదు. బీడీలు చేసే పని ఆపితే వస్తాను."

"ఆపుతం" అంది లస్మవ్వ వెంటనే.

"ఆపకూడదమ్మా" అన్నాడు విద్యాసాగర్. "ఆపరేషను జరిగేది మీ బీడీ కార్మికుల కార్డు మీదే. బీడీలు చేయకపోతే కార్డు రద్దవుతుంది. కార్డు లేకపోతే ఆపరేషను లేదు."

బీడీలు చేస్తే కిడ్నీ రాదు, చేయకపోతే కిడ్నీ పెట్టరు. అధికారి పేజీలు తిప్పి, చివరికి ఒక చిన్న నిబంధన దగ్గర ఆగాడు. చాట గడప దాటితే ఇంటిని పొగాకు లేని ఇల్లుగా భావించవచ్చు. అయితే చాటతోపాటు ఇంటి మనిషి ఒకరు గడప దాటాలి, లోపలికి రాకూడదు.

"నేను పోత" అంది లస్మవ్వ.

"మీరు రోగికి మందులిచ్చే మనిషి. పేరు ఎక్కించేశాను."

ముత్తవ్వకు దారం కనబడి పదేళ్లయింది. అందరూ రవళి వైపు చూశారు. రవళి అప్పటికే మంచం కింద దొర్లిన దారపు ఉండ ఏరుతోంది.

"ఎన్నొద్దులు సారూ?" అంది లస్మవ్వ.

"నేను పనిచేసినన్నాళ్లు" అంది కిడ్నీ. "పదేళ్లు. బాగా చూసుకుంటే పదిహేను."

పదిహేనేళ్లంటే చాలా మంచి ఫలితమని అధికారి అభినందించాడు. పెళ్లి మాటొస్తే అరుగు మీదే మాట్లాడుకోవచ్చని, నిబంధన అడ్డురాదని కూడా చెప్పాడు. తలుపుకు అంటించడానికి ఒక నినాదం రాసిమ్మన్నాడు. రవళి గుండ్రటి అక్షరాలతో రాసింది: 'ఈ ఇంట్లో ఎవరూ పొగాకు ముట్టరు.' అక్షరాలు బాగున్నాయన్నాడు.

చాట పట్టుకుని గడప దాటుతూ రవళి ఆ రోజు తనంతట తానుగా ఒక్క మాట అడిగింది.

"సార్, ఇవి తాగెటోళ్ల సంగతి?"

"వాళ్లది వేరే ఫైలమ్మా."

అరుగు మీద కూర్చుని ఆకు తీసుకుంది. రేపటికి ఎనిమిది వందల బీడీలు కావాలి. పోచమల్లు గోడ పట్టుకుంటూ గడపదాకా వచ్చి నిలబడ్డాడు. ఏదో అనబోయాడు. లోపల కిడ్నీ గొంతు సవరించుకుంది.

"గాలి ఇటే కొడుతుందట బిడ్డా" అన్నాడు.

"ఇయ్యాల మంచిగ చదివి వినిపిచ్చిన్నా నాయినా?"

పోచమల్లు తల ఊపాడు. తర్వాత రెండు చేతులతో, చప్పుడు కాకుండా, తలుపు మూశాడు.